పంది మెదడులో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ ఎక్కడుంది? మూడు మెదళ్లు కోసినా దొరకలేదు

అరండల్‌పేట విద్యార్థిని | జనవరి 4, రాత్రి 9:20

పెద్దలందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెలలో జరిగే ప్రదర్శనకు మా జట్టు "కదలికను నడిపించే మెదడు భాగాలు" అనే అంశాన్ని ఎంచుకుంది. మనిషి మెదడును మా ఇష్టప్రకారం కోసుకునే వీలు మాకు లేదు కాబట్టి, మాంసం అంగడి నుంచి పంది తలలు తెప్పించి, వాటి మెదళ్లను ఫార్మలిన్‌లో ఉంచి కోస్తున్నాము. కాడేట్, పుటామెన్, థాలమస్ అనే పెద్ద భాగాలను సులభంగానే గుర్తుపట్టగలిగాము. కదలికను అదుపు చేసే చిన్న నాడీకణాల గుంపైన సబ్‌థాలమిక్ న్యూక్లియస్ మాత్రం మూడు మెదళ్లు కోసినా కనిపించలేదు.

మా పుస్తకంలో అది సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి పట్టీకి పైన, థాలమస్‌కు కింద, రెండువైపులా ఉబ్బిన కటకం ఆకారంలో ఉంటుందని రాసి ఉంది. మేము ముందు నైగ్రాను గుర్తించి, దాని పైభాగంలో వెతుకుదామనుకున్నాము. అసలు నైగ్రాయే కనిపించలేదు. నల్లటి పట్టీ ఎక్కడా లేదు. ముక్కలు ఒక్కొక్కటి సెంటీమీటరు మందాన కోశాము. ఒక తలనైతే అంగడిలోనే గొడ్డలితో నడిమికి చీల్చేశారు. పందికి ఈ భాగం అసలు ఉంటుందా, లేక మా వెతుకులాటే తప్పా అన్నది దయచేసి చెప్పగలరు.

పశుశరీర మాస్టారు, గన్నవరం | జనవరి 4, రాత్రి 10:45

అమ్మా, ఉంటుంది, నిక్షేపంగా ఉంటుంది. మీ కత్తి తప్పు కొంత ఉన్నా, పుస్తకం తప్పే ఎక్కువ. ఆ పుస్తకం మనిషి కోసం రాసినది, మీ బల్ల మీద ఉన్నది పంది.

మనిషి నిటారుగా నిలబడతాడు, ముఖం ముందుకు చూస్తుంది. వెన్నుపాము కింది నుంచి పైకి ఎక్కివచ్చి, మెదడు కాండంగా మారి, పెద్దమెదడును కలిసే చోట దాదాపు లంబకోణంలో ముందుకు వంగుతుంది. నాలుగు కాళ్ల మీద నడిచే పందిలో ఆ వంపు చాలా స్వల్పం. ముట్టె నుంచి తోక దాకా ఇంచుమించు ఒకే గీతలో సాగుతుంది. అందువల్ల మధ్యమెదడు దగ్గర మనిషి పుస్తకం "పైన" అన్నది పందిలో "ముందు" అవుతుంది. మనిషిలో "వెనుక" అన్నది పందిలో వీపు వైపు అవుతుంది. నైగ్రాకు పైన వెతకమన్న మాటను మీరు అక్షరాలా పాటించి వీపు వైపుకు వెళ్లారు, అక్కడ వేరే పదార్థం ఉంటుంది. మీరు వెళ్లవలసింది ముట్టె వైపుకు. మా విద్యార్థులకు మొదటి రోజే "పైన, కింద అనే మాటలు ఇంట్లో వదిలి రండి, ముట్టె వైపు, తోక వైపు, వీపు వైపు, పొట్ట వైపు అనండి" అని చెప్పేవాణ్ని. పశువైద్యంలో ఇది మడి ఆచారం కాదు, దారి తప్పకుండా ఉండటానికి పెట్టుకున్న కట్టుబాటు.

ఇక గుర్తులు చెబుతాను. మెదడును బోర్లించి అడుగు భాగం చూడండి. ముందు పెద్ద వాసన కందాలు, వాటి వెనుక దృష్టినాడులు అడ్డంగా కలిసే కూడలి, దాని వెనుక పిట్యుటరీ కాడ, దాని వెనుక మామిల్లరీ గడ్డ వరుసగా కనిపిస్తాయి. మనిషిలో మామిల్లరీ గడ్డలు రెండు గుండ్రని బొడిపెలుగా స్పష్టంగా విడివిడిగా ఉంటాయి. పందిలో బయటి నుంచి చూస్తే దాదాపు ఒకే గడ్డలా ఉంటుంది కనుక రెండోది ఏదని వెతక్కండి. ఆ గడ్డకు రెండు పక్కలా దృష్టి పట్టీ కింద నుంచి పైకి తేలే దళసరి తెల్లని మోకులాంటిది సెరిబ్రల్ పెడంకిల్. ఇంటర్నల్ క్యాప్సూల్ అనే తెల్ల పోగులు దిగివచ్చి పెడంకిల్‌గా మారే ఆ మలుపులోనే, పోగుల వీపు వైపు లోపలి ఒడ్డున, మీ సబ్‌థాలమిక్ న్యూక్లియస్ ఒదిగి ఉంటుంది. మామిల్లరీ గడ్డ ఉన్న మట్టంలో నిలువుగా కోసి, అక్కడి నుంచి ముందుకు, వెనక్కు వెతకండి.

చీలిన తలను పారేయలేదు కదా? నడిమికి చీలితే పాడయ్యేది మూడో జఠరిక అనే నడిమి ద్రవపు గది, దాని గోడలు. మీకు కావలసినది మధ్యగీతకు కొంత పక్కగా ఉంటుంది కాబట్టి, గొడ్డలి నలుగుడు తగలని వైపు ఇంకా పనికివస్తుంది.

మంగళగిరి ల్యాబ్ | జనవరి 5, ఉదయం 7:10

మాస్టారు చెప్పిన దాంట్లో నాకు వేలుపెట్టేంత చదువు లేదు. ఇరవై ఏళ్లకు పైగా ముక్కలు కోసినవాణ్ని కనుక చేతిపని గురించి చెబుతాను.

సెంటీమీటరు మందం అనేది మనిషి మెదడును పరీక్షకు కోసే లెక్క. మీరు వెతుకుతున్నది పందిలో ముందు నుంచి వెనక్కు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. అది పూర్తిగా ఒకే ముక్క పొట్టలో దాగిపోయి, ఇటు ముఖం మీదగానీ అటు ముఖం మీదగానీ కనిపించకుండా పోవడానికి అవకాశం ఎక్కువ. మూడు మిల్లీమీటర్లకు మించకుండా కోయాలి. చేత్తో అంత సమంగా రాదు. మా దగ్గర ఉన్న చిట్కా ఏమిటంటే, కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అమ్ముతారే, ఆ అగర్‌ను నీళ్లలో మరగబెట్టి, చెయ్యి ఓర్చుకునేంత వేడికి చల్లారనిచ్చి, మెదడును ఒక చతురస్రపు డబ్బాలో పెట్టి చుట్టూ పోయాలి. గడ్డకట్టాక మెదడు కదలదు, జారదు. అటూ ఇటూ ఒకే మందం ఉన్న రెండు స్టీలు పట్టీలు పెట్టి, వాటి మీద కత్తి ఆనించి ఒకే లాగుడులో కోయాలి. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే ముఖం మీద గీతలు పడి, అసలు గీతేదో కత్తి గీతేదో తెలియకుండా పోతుంది.

ఫార్మలిన్ ఎన్నాళ్లు ఉంచారో మీరు రాయలేదు. పది శాతం ఫార్మలిన్‌లో కనీసం రెండు వారాలు ఉండాలి, మధ్యలో ఒకసారి మార్చాలి. మెదడును గిన్నె అడుగున కూర్చోబెడితే అడుగు భాగం చదునైపోతుంది, మీకు కావలసిన గుర్తులన్నీ ఆ అడుగునే ఉన్నాయి. అడుగున రక్తనాళాల కింద నుంచి దారం పోనిచ్చి తలక్రిందులుగా వేలాడదీయండి. తలుపులు తెరిచి, చేతితొడుగులు వేసుకుని పని చేయండి. పచ్చి తలను ముట్టుకునేటప్పుడు చేతి మీద గాటు ఉంటే అసలు పనిలో దిగవద్దు. పందుల్లో ఉండే స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బ్యాక్టీరియా గాటు గుండా మనిషికి ఎక్కి మెదడు పొరల వాపు తెస్తుంది. కోసిన ముఖం మీద బియ్యపు గింజంత నీటిబుడగలు కనిపిస్తే అవి శరీర భాగాలు కావు, బద్దెపురుగు తిత్తులు. వాటిని చూసి కొత్త కేంద్రం కనుక్కున్నామని రాసుకున్న బృందాన్ని నేను ఎరుగుదును.

కొత్తపేట న్యూరో | జనవరి 5, మధ్యాహ్నం 2:35

మాస్టారి వివరణ చదివాక నాకు నా మొదటి సంవత్సరం గుర్తుకు వచ్చింది. ఈ "పైన–ముందు" తికమక వైద్యంలో ఉన్న మాకూ తీరలేదు.

ఈ చిన్న ముద్ద గురించి ఎందుకింత పట్టింపు అన్నది చర్చ చదివే ఇతరుల కోసం రాస్తాను. ఫ్రెంచి వైద్యుడు జూల్ బెర్నార్ లూయీ 1865లో దీన్ని వర్ణించాడు, అందుకే పాత పుస్తకాల్లో దీన్ని లూయీ దేహం అని పిలుస్తారు. మనిషిలో దీని పొడవు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే. ఒకవైపు దీనికి రక్తం అందక దెబ్బతింటే, శరీరంలో రెండో వైపు చెయ్యీ కాలూ విసిరికొట్టినట్లు అదుపులేకుండా ఊగుతాయి. దాన్ని హెమీబాలిస్మస్ అంటారు. ఒకసారి చూసినవారు మరచిపోలేరు, ఎందుకంటే రోగి తన చేతిని తానే రెండో చేత్తో పట్టి ఆపుకుంటూ ఉంటాడు.

దీని పని బ్రేకు వంటిది. కదలికను నడిపే లోతు కేంద్రాల గుంపైన బేసల్ గాంగ్లియాలోని మిగిలిన కేంద్రాలు ఎక్కువగా అణచివేత సంకేతాలు పంపేవి. ఇది మాత్రం గ్లుటమేట్ అనే రసాయనం ద్వారా ఉత్తేజ సంకేతాలు పంపుతుంది. ఆ సంకేతాలు గ్లోబస్ పాలిడస్ లోపలి భాగానికీ, నైగ్రాలోని రెటిక్యులేటా భాగానికీ చేరి, వాటిని మరింత గట్టిగా పనిచేయిస్తాయి. అవి కదలికకు ఊతమిచ్చే థాలమస్‌ను అణచిపెట్టేవి కాబట్టి, చివరికి కదలిక తగ్గుతుంది. పార్కిన్సన్ జబ్బులో ఈ న్యూక్లియస్ మితిమీరి పనిచేస్తుంది, బ్రేకు మీద నుంచి కాలు తీయని డ్రైవరులాగా. విద్యార్థిని గారూ, ప్రదర్శనలో మీరు చూపవలసినది ఆకారాన్ని మాత్రమే కాదు, దాని పొరుగును. దీని కథంతా పొరుగువాళ్లతో ఉన్న లావాదేవీలే.

లబ్బీపేట పాఠకుడు | జనవరి 5, రాత్రి 8:05

నేను వైద్యుణ్ని కాను, తెలుగు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మా శ్రీమతికి ఏడేళ్లుగా పార్కిన్సన్ ఉంది. మెదడులో విద్యుత్ తీగ పెట్టే శస్త్రచికిత్స గురించి ఆలోచించమని డాక్టరు గారు చెప్పిన నాటి నుంచి ఈ మాట ఎక్కడ కనిపించినా చదువుతున్నాను. నావి రెండు సందేహాలు. ఒకటి, ఈ తీగలను మనుషులకు పెట్టేముందు పందుల్లోనే పరీక్షించారా? రెండు, "న్యూక్లియస్"కు పాఠ్యపుస్తకాల్లో కేంద్రకం అని రాస్తున్నారు, అదే మాట కణంలోని కేంద్రకానికీ వాడుతున్నారు. చదివేవాడు కణం లోపల ఉన్న చుక్కలో తీగ పెడతారని అనుకోడా?

కొత్తపేట న్యూరో | జనవరి 5, రాత్రి 9:50

లబ్బీపేట మాస్టారూ, మొదటి ప్రశ్నకు సమాధానం: కాదు, ముందు కోతులు. 1980ల ఆరంభంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు వాడిన కొందరు యువకులకు హఠాత్తుగా పార్కిన్సన్ లక్షణాలు వచ్చాయి. ఆ కల్తీలోని ఎంపీటీపీ అనే పదార్థం నైగ్రా కణాలను చంపుతుందని తేలింది. దానితో కోతుల్లో అదే జబ్బును తెప్పించి చూడటం సాధ్యమైంది. బెర్గ్‌మన్, విఖ్‌మన్, డిలాంగ్ అనే పరిశోధకులు 1990లో అలాంటి కోతుల్లో సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌ను దెబ్బతీస్తే కదలిక తిరిగి వచ్చిందని చూపారు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ బృందం 1987లో థాలమస్‌లో తీగ పెట్టి వణుకును అదుపు చేసింది, 1993లో అదే పద్ధతిని సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌కు వాడింది. పందులు ఆ తరువాత రంగంలోకి వచ్చాయి. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో పరిశోధకులు 1999లో చిన్న జాతి పందులకు ఎంపీటీపీ ఇచ్చి పార్కిన్సన్ లక్షణాలు తెప్పించారు. అటుపైన అక్కడ తీగలు పెట్టి చూసే పనికి పంది బాగా వాడుకలోకి వచ్చింది. మనిషికి వాడే తీగ మందం 1.27 మిల్లీమీటర్లు. ఎలుక మెదడులో అది గునపమే అవుతుంది. పందికి మనిషి తీగనే, మనిషి స్కానింగ్ యంత్రాన్నే వాడవచ్చు.

శ్రీమతి గారి విషయం ఈ వేదికలో తేల్చేది కాదు, వారి డాక్టరుతో కూర్చుని మాట్లాడండి. వారికి మందు పనిచేసే గంటలు, పనిచేయని గంటలు ఒక నోటుపుస్తకంలో రాసి తీసుకువెళితే ఆ మాటలు సూటిగా సాగుతాయి.

రెండో ప్రశ్న మీరే తేల్చాలి.

లబ్బీపేట పాఠకుడు | జనవరి 6, ఉదయం 6:30

తేల్చేస్తాను. "నాడీకణాల గుంపు" అంటే అర్థమవుతుంది, పేరుగా పలకడానికి పొడవు. "నాడీకేంద్రం" అంటే కణకేంద్రకంతో కలవదు. పేరు కింద "సబ్‌థాలమిక్ నాడీకేంద్రం" అని రాసి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యం వివరణ ఇస్తే సరిపోతుందని నా ఉద్దేశం. నోటుపుస్తకం మాట మా శ్రీమతికి చెప్పాను, నిన్న రాత్రే గీతలు గీసి పెట్టింది.

అరండల్‌పేట విద్యార్థిని | జనవరి 19, సాయంత్రం 6:15

అందరికీ ధన్యవాదాలు. ఈసారి నాలుగో మెదడును పద్నాలుగు రోజులు వేలాడదీసి ఉంచాము. చైనా గ్రాస్‌లో గడ్డకట్టించి మూడు మిల్లీమీటర్ల ముక్కలు కోశాము. దొరికిందనే అనుకుంటున్నాము! పెడంకిల్ తెల్ల పోగుల మీదనే ఆనుకుని, వీపు వైపున, బూడిదరంగు పట్టీ ఒకటి కటకంలా వంపు తిరిగి కనిపించింది. దాని పొట్ట వైపు అంచు పోగుల్లోకి కొద్దికొద్దిగా కలిసిపోయినట్లుంది. నల్లరంగు ఏమీ లేదు కనుక నైగ్రా కాదని నిర్ధారించుకున్నాము. అదే ముక్కలో రెండు పెడంకిళ్ల మధ్య లోయ నుంచి ఒక్కో వైపు ఒక్కో తెల్లని నాడి బయటికి వచ్చి కనిపిస్తోంది. ఫొటో జతచేశాను. చీటీ అంటించేయవచ్చా?

పటమట రేడియాలజీ | జనవరి 19, రాత్రి 9:05

చీటీ అంటించకండి. ఫొటో పెద్దదిగా చేసి చూశాను, మీరు పట్టుకున్నది సబ్‌స్టాన్షియా నైగ్రానే.

మీ వర్ణనలోనే సాక్ష్యం ఉంది. రెండు పెడంకిళ్ల మధ్య లోయ నుంచి బయటికి వచ్చే నాడి మూడో కపాలనాడి, కంటిని తిప్పే నాడి. అది కనిపించిందంటే మీరు మధ్యమెదడులో ఉన్నారు. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ మధ్యమెదడుకు చెందినది కాదు, దాని ముందున్న, థాలమస్ ఉండే డైఎన్‌సెఫలాన్ అనే భాగానికి చెందినది. ఇంకో సాక్ష్యం అంచు. నైగ్రా పెడంకిల్ పోగుల్లోకి వేళ్లు దింపినట్లు కలిసిపోతుంది, అందుకే మీకు అంచు మసకగా కనిపించింది. సబ్‌థాలమిక్‌కు రెండు వైపులా తెల్ల పోగుల పొరలు ఉంటాయి: పొట్ట వైపు ఇంటర్నల్ క్యాప్సూల్, వీపు వైపు ఆగస్ట్ ఫోరెల్ 1877లో వర్ణించిన పోగుల్లో ఒకటి. ఆ పోగుల పైన జోనా ఇన్సర్టా అనే పల్చని బూడిద పొర, దాని పైన మరో ఫోరెల్ పొర, ఆ పైన థాలమస్. అంటే మీరు చూడవలసింది బూడిద, తెలుపు, బూడిద, తెలుపు అని వరుసగా పేర్చిన పొరలు. పూతరేకు మడతల్ని అడ్డంగా కోసి చూసినట్లుంటుంది.

మాలాంటివాళ్లం మనిషి మెదడులో దీన్ని లెక్కలతో వెతుకుతాము. మెదడు రెండు సగాలను కలిపే పోగుల కట్టలైన ముందు వెనుక కమిషర్లు రెంటినీ కలిపే గీత మధ్య బిందువు నుంచి సుమారు 12 మిల్లీమీటర్లు పక్కకు, 3 మిల్లీమీటర్లు వెనక్కు, 4 మిల్లీమీటర్లు కిందకు అని మొదలుపెడతాము. పైగా మనిషి న్యూక్లియస్‌లో ఇనుము చేరి ఉండటంవల్ల టీ2 అనే రకం ఎమ్మారై చిత్రాల్లో అది నల్లగా తేలుతుంది. ఈ అంకెలను పందికి వాడకండి. హార్స్‌లీ, క్లార్క్ 1908లో చెవి రంధ్రాలు, కంటి గూళ్ల అంచులు ఆధారంగా మెదడులో చోటును కొలిచే పరికరం ప్రకటించారు. పందికి అలా బయటి ఎముకను నమ్ముకుంటే మోసపోతాము. దానికి కారణం మాస్టారు బాగా చెప్పగలరు.

పశుశరీర మాస్టారు, గన్నవరం | జనవరి 20, ఉదయం 8:40

పటమట వారి నిర్ధారణ సరైనది. కారణం నన్ను చెప్పమన్నారు కాబట్టి చెబుతాను, అయితే ఒకసారి తలను చేత్తో విప్పినవారికే ఇది బాగా తెలుస్తుంది.

పంది నుదురు చూసి అంత పెద్ద మెదడు ఉందనుకుంటాము. పుట్టినప్పుడు పిల్లకు నుదుటి ఎముకలో గాలి గదులు ఉండవు. ఎదిగేకొద్దీ ఫ్రంటల్ సైనస్ ఎముక రెండు పలకల మధ్య పాకి, పెద్ద పందిలో తల వెనుక గట్టు దాకా వ్యాపిస్తుంది. బయటి పలకను రంపంతో కోసి తీస్తే తేనెతుట్టెలాంటి ఖాళీ గదులు కనిపిస్తాయి; తొలిసారి చేసే విద్యార్థి "మెదడు లేదు సార్" అని పిలుస్తాడు. ఆ గదుల అడుగున ఇంకో ఎముక పలక, దాని కింద మెదడు. ఈ గదులు వయసుతో పెరుగుతాయి, జాతిని బట్టి మారతాయి కాబట్టి, బయటి ఎముక మీద కొలిచిన చోటుకూ లోపలి మెదడు చోటుకూ పొంతన ఉండదు. అందుకే పందుల్లో తీగలు పెట్టేవారు ముందు ఎమ్మారై తీసుకుంటారు. మీకు అలవాటు కోసమైతే చిన్న పిల్లల తలలు అడగండి, రంపం పని సగం తగ్గుతుంది.

మెదడును తీసేటప్పుడు పిట్యుటరీ దగ్గర జాగ్రత్త. పందిలో మెదడుకు వెళ్లే రక్తం అక్కడ సన్నని ధమనుల వలగా చీలి, మళ్లీ ఒక్కటై పైకి వెళుతుంది. దాన్ని రీటి మిరాబిలి అంటారు, మనిషిలో ఇది ఉండదు. గట్టిగా లాగితే ఆ వలతో పాటు పిట్యుటరీ కాడ తెగి, మామిల్లరీ గడ్డ కూడా చిరిగి వస్తుంది. అప్పుడు మీ ప్రధాన గుర్తే పోతుంది. చిన్న కత్తెరతో కింద నుంచి కోసుకుంటూ రావాలి.

కొత్తపేట న్యూరో | జనవరి 20, మధ్యాహ్నం 1:20

నల్లరంగు గురించి ఒక మాట చెప్పకపోతే ఇదే పొరపాటు మళ్లీ జరుగుతుంది. నైగ్రా అంటే నల్లనిది. ఆ పేరు మనిషి మెదడును చూసి పెట్టినది. డోపమైన్ అనే నాడీ రసాయనాన్ని తయారుచేసే కణాల్లో వయసుతో పాటు న్యూరోమెలనిన్ అనే రంగు పేరుకుంటుంది. పసిబిడ్డ మెదడులో అది కనిపించదు, పెద్దవారిలో కంటికి స్పష్టంగా తెలుస్తుంది, పార్కిన్సన్‌తో పోయినవారిలో ఆ పట్టీ వెలిసిపోయి ఉంటుంది. పందిలో అదే చోట అవే డోపమైన్ కణాలు ఉన్నా, మనిషిలోలా కంటికి నల్లగా కనిపించదు. కనుక "నల్లగా లేదు, అందుచేత నైగ్రా కాదు" అనే తర్కం పంది దగ్గర చెల్లదు.

పంది డోపమైన్ కణాలు ఎంత దగ్గరివో చెప్పడానికి ఒక ఉదాహరణ: పంది పిండం మెదడు కణాలను పార్కిన్సన్ రోగి మెదడులో నాటారు, ఆ రోగి వేరే కారణంతో మరణించాక చూస్తే ఆ కణాల్లో కొన్ని బతికే ఉన్నాయని 1997లో ప్రచురించారు. చికిత్సగా అది నిలబడలేదు, అది వేరే సంగతి.

అరండల్‌పేట విద్యార్థిని | జనవరి 20, రాత్రి 10:00

చీటీ అంటించకముందే ఆపినందుకు ఎంతో కృతజ్ఞతలు. తప్పు పట్టినందుకు కాదుగాని, తప్పు ఎందుకు జరిగిందో చెప్పినందుకు. పట్టీని "నైగ్రా" అని పేరు మార్చి ఆ ముక్కను అట్టే పెట్టుకుంటున్నాము, అది కూడా ప్రదర్శనకు కావాలి. ఇంకొక ప్రశ్న. ఎలుక మెదడులో కాడేట్, పుటామెన్ విడివిడిగా ఉండవని చదివాము, పందిలో చక్కగా విడిపోయి ఉన్నాయి. అయితే పందిలో కదలిక వ్యవస్థ అంతా మనిషిదే అనుకోవచ్చా?

పశుశరీర మాస్టారు, గన్నవరం | జనవరి 21, ఉదయం 9:15

అనుకోకూడదు. విడిపోయిన మాట నిజం. ఎలుకలో పోగులు కట్టలు కట్టలుగా ముద్దలో గుచ్చుకుని వెళతాయి, పందిలో మనిషిలోలాగే ఇంటర్నల్ క్యాప్సూల్ ఒక గోడలా రెంటి మధ్య నుంచి వెళుతుంది. మెదడు పైభాగం మడతలు పడి ఉండటంలోనూ పంది మనకు దగ్గర. మెదడు వేగంగా ఎదిగే కాలం పుట్టుకకు ముందూ వెనుకా పరచుకుని ఉండటంలోనూ దగ్గరే. అక్కడితో ఆగాలి.

ఈనిన పంది దగ్గర రాత్రి కూర్చున్నవారికి తెలుస్తుంది. 114 రోజుల గర్భం తరువాత బయటపడిన పిల్ల, బొడ్డు తడి ఆరకముందే లేచి, తూలుతూ తల్లి పొట్ట పట్టుకుని నడిచి చనుమొన వెతుక్కుంటుంది. మన పిల్లలకు ఆ పని చేయడానికి ఏడాది పడుతుంది. పంది నడక ప్రధానంగా వెన్నుపాములోనూ మెదడు కాండంలోనూ పుట్టుకతోనే సిద్ధంగా ఉన్న నాడీ వలయాల పని. పెద్దమెదడు దానికి పైనుంచి సవరణలు చేస్తుంది. మనిషిలో మెదడు పైపొర నుంచి వెన్నుపాముకు నేరుగా దిగే పిరమిడల్ దారి వేళ్ల కదలిక దాకా పెత్తనం చేస్తుంది. గిట్టలున్న జంతువుల్లో ఆ దారి బలహీనం. గిట్టకు వేళ్లపని లేదు కదా.

పందికి వేళ్లపని చేసేది ముట్టె. ముట్టె చివర బిళ్లలో దానికంటూ ఒక ఎముకే ఉంది. కృష్ణ ఒడ్డున బురదలో పంది ముట్టె పెట్టి పెళ్లగించడం చూడండి. మట్టిని తోయడం, వాసన చూడటం, తడిమి రాయినీ గడ్డనూ వేరుచేయడం అంతా ఒకే కదలికలో జరుగుతుంది. ఆంగ్ల శాస్త్రవేత్త ఏడ్రియన్ 1943లో గిట్టలున్న జంతువుల మెదడు పైపొరను పరిశీలించి, పందిలో స్పర్శ భాగం దాదాపు అంతా ముట్టెకే చెంది ఉందని చూపాడు. కాబట్టి బేసల్ గాంగ్లియాకు పైనుంచి అందే సమాచారంలో ముట్టె వాటా ఎంత పెద్దదో మీరే ఊహించండి. మనిషి బొమ్మలో చెయ్యి ఉన్న చోట పంది బొమ్మలో ముట్టె గీయాలి.

జాతి గురించి కూడా ఒక జాగ్రత్త. పరిశోధనల్లో వాడేది ఎక్కువగా 1960లలో జర్మనీలో రూపొందించిన గాటింగెన్ చిన్న పంది. దాని నియోకార్టెక్స్ అనే మెదడు పైపొరలో సుమారు 32.4 కోట్ల నాడీకణాలు, మామూలు పెంపుడు పందిలో సుమారు 43.2 కోట్లు ఉన్నాయని 2006లో లెక్కించారు. మీరు కోస్తున్నది అంగడి పంది. చిన్న పంది మెదడు పటాల పుస్తకంలోని (అట్లాసు) మిల్లీమీటర్లను దాని మీద యథాతథంగా మోపకండి.

మంగళగిరి ల్యాబ్ | జనవరి 21, మధ్యాహ్నం 12:30

రంగు వేయకుండా పొరలు కనిపించడం కష్టమనిపిస్తే ఒక పాత పద్ధతి ఉంది. మల్లిగన్ అనే ఆయన 1931లో చెప్పినదాన్ని తరువాత ఇతరులు మార్చినది. ఫినాల్, మైలతుత్తం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని సుమారు 60 డిగ్రీలకు వేడిచేసి ముక్కను కొద్ది నిమిషాలు ముంచితే, తెల్ల పదార్థం మీద కొవ్వు పొర ఏర్పడుతుంది. తరువాత ఐస్ నీళ్లలో కడిగి, ఫెర్రిక్ క్లోరైడులో, ఆపైన పొటాషియం ఫెర్రోసయనైడులో ముంచితే బూడిద పదార్థం మాత్రమే నీలంగా మారుతుంది, పోగులు తెల్లగా మిగులుతాయి. వేడి ఫినాల్ చర్మాన్ని నొప్పి తెలియకుండానే కాలుస్తుంది, ఆవిరి కూడా మంచిది కాదు. ఇది మీరు ఒంటరిగా చేయవలసిన పని కాదు, మీ టెక్నీషియన్‌ను పక్కన పెట్టుకుని పొగగూటిలోనే (ఫ్యూమ్ హుడ్) చేయించండి.

అరండల్‌పేట విద్యార్థిని | ఫిబ్రవరి 8, రాత్రి 8:40

మాస్టారూ, మిగతా పెద్దలూ, ఐదో మెదడు ఫలితం ఇది. చీలిన తలలోని కుడి సగం కూడా కలిపి కోసి, టెక్నీషియన్‌తో ఆ నీలం రంగు వేయించాము. మూడో నాడి కనిపించిన ముక్క నుంచి ముట్టె వైపుకు ఒక్కో ముక్కే తిప్పుతూ వెళ్లాము. మొదటి ముక్కలో నైగ్రా వెడల్పుగా ఉంది. రెండో ముక్కలో నైగ్రా కుదించుకుపోయి, దాని వీపు వైపున, మధ్యలో సన్నని తెల్ల గీతతో వేరుపడి, ఇంకో నీలి మచ్చ మొదలైంది. మూడో ముక్కలో నైగ్రా మాయమైంది, మామిల్లరీ గడ్డ వచ్చింది. ఆ నీలి మచ్చ రెండు కొసలూ సన్నగా, నడుమ ఉబ్బి, పెడంకిల్ లోపలి ఒడ్డు మీద ఏటవాలుగా పడుకుని ఉంది. అంచులు కత్తితో గీసినట్లున్నాయి. దాని పైన తెల్ల గీత, దాని పైన పల్చని నీలం, మళ్లీ తెలుపు, ఆపైన థాలమస్. నాలుగో ముక్కలో అది లేదు. సెంటీమీటరు మందాన కోసిన రోజుల్లో అది మా ముక్క కడుపులోనే ఉండిపోయిందని ఇప్పుడు తెలిసింది. మచ్చను దారంతో కొలిస్తే కందిగింజ పొడవుకు దగ్గరగా వచ్చింది. చీలిన సగంలోనూ అదే మట్టంలో కనిపించింది. మూడు ఫొటోలూ పెట్టాను.

పటమట రేడియాలజీ | ఫిబ్రవరి 8, రాత్రి 9:25

ఇప్పుడు అంటించండి చీటీ. రెండో ముక్క ఫొటోను ప్రదర్శనలో మధ్యన పెట్టండి. నైగ్రా, సబ్‌థాలమిక్ రెండూ ఒకే ముఖం మీద కనిపించే ముక్క చేతికి రావడం తేలిక కాదు.

పశుశరీర మాస్టారు, గన్నవరం | ఫిబ్రవరి 9, ఉదయం 7:50

చాలా బాగుంది. చీటీల ఫొటో కూడా చూశాను, ఒక సవరణ ఉంది. నైగ్రా చీటీ మీద మీ జట్టులో ఎవరో అలవాటుగా "సబ్‌థాలమిక్‌కు కింద ఉంటుంది" అని రాశారు. మనిషి బొమ్మ పక్కన ఆ మాట ఉండనివ్వండి. పంది ముక్క పక్కన దాన్ని కొట్టివేసి "సబ్‌థాలమిక్‌కు తోక వైపున మొదలవుతుంది" అని రాయించండి. ముక్కల పళ్లెం మీద ముట్టె వైపు ఏదో చూపే బాణం గుర్తు కూడా లేదు, అది ఎర్ర సిరాతో గీయండి.